మింటి పొరుగు

పరుల వస్తువును ముట్టునపుడు అనుమతి యడుగవలెనని పసిపిల్లలకును తెలియును. కాని తన వస్తువునే ఒకచోటినుండి మరియొకచోటికి జరుపుకొనునపుడు, ఆ రెండుచోట్లును ఎవ్వరి సొత్తును కానపుడు, అనుమతి యేల యడుగవలెను? ఇది అంత సులభమైన ప్రశ్న కాదు. దీనికి తగిన ఉదాహరణమును మేము నేలమీద వెదకుట లేదు. ఏలయన నేలమీద ప్రతి సెంటు భూమికిని పట్టాదారైన నుండును, సర్కారైన నుండును. ఆకాశమునకు పట్టాదారు లేడు. యజమానుడు లేనిచోట ధర్మ మెట్లు నిలుచునో చూచినగాని, మనము పాటించుచున్నది ధర్మమో, యజమానుని భయమో తేలదు.

ఇంటి కప్పులమీద కనబడు ప్రసారపు పళ్లెము లన్నియు ఒక్కొక్క దిక్కునకు తిరిగి కదలక నిలిచియుండును. అవి చూచుచున్న ఉపగ్రహము మాత్రము నిలిచి లేదు. భూమధ్యరేఖకు సరిగా పైన, 35,786 కిలోమీటర్ల యెత్తున, భూమి తనచుట్టు తాను తిరుగునంత కాలములోనే అదియు భూమిని ఒకసారి చుట్టివచ్చుచున్నది. రెండును కూడబలుకుకొన్నట్లు తిరుగుటచే మనకు అది కదలనిదానివలె తోచును. ఈ కక్ష్యనుండి లోకమంతటికిని ప్రసారములు జరుపవచ్చునని 1945 లో ఆర్థర్ సి. క్లార్కు ఒక పత్రికలో వివరించెను. 1964 లో అమెరికావారి సింకామ్ 3 అట్లు నిలిచిన మొదటి ఉపగ్రహ మయ్యెను. ఎత్తు తప్పినను, భూమధ్యరేఖ తప్పినను ఈ గుణము పోవును. కావున అంతులేని ఆకాశములో ఈ పనికి తగిన త్రోవ ఒక్కటే. అది భూమిచుట్టు తొడిగిన యుంగరము వంటిది.

ఈ త్రోవమీద ఉపగ్రహమును చోటు మార్చు విధము వింతగా నుండును. తూర్పునకు జరుపవలెనన్న దానిని కొంచెము క్రిందికి దింపుదురు. క్రింది చుట్టు త్వరగా ముగియును గనుక అది భూమికంటె ముందునకు సాగును. పడమటికి జరుపవలెనన్న కొంచెము పైకెత్తుదురు, అది వెనుకబడును. సుమారు 78 కిలోమీటర్లు దింపినచో దినమునకు ఒక డిగ్రీ చొప్పున నడచును. గమ్యము చేరినపిమ్మట మరల మొదటి యెత్తునకు తెచ్చి నిలుపుదురు. బయలుదేరుటకును నిలుచుటకును ఇంధనము వ్యయమగును. ఆ యింధనమే ఉపగ్రహమునకు ఆయువు. ఇట్లు తన సొమ్ము వెచ్చించి, తన యంత్రము నాయువును తగ్గించుకొని, దానిని జరుపుకొనదలచిన సంస్థ ముందుగా ఒక కచేరీలో దరఖాస్తు పెట్టి, ఇరుగుపొరుగుల ఆక్షేపణలకు సమాధానము చెప్పి, సెలవు పొందినగాని కదలరాదు. ఆ యెత్తున ఒక డిగ్రీ యనగా సుమారు 736 కిలోమీటర్లు. ఇంత యెడమున్నచోట ఒకని కదలిక మరియొకనికి అడ్డ మెట్లగును? ఇది ఉద్యోగుల పెత్తనమే గాని వేరుకాదని స్వాతంత్ర్యప్రియు లాక్షేపింపవచ్చును.

ఆ యాక్షేపణకు సమాధానము మన తార్కికుల మాటను గుర్తుచేయును. శబ్దము ఆకాశముయొక్క గుణమని వారు చెప్పిరి. నేటి భౌతికశాస్త్రము దాని నంగీకరింపదు. అయినను ఆకాశములోని ఈ తగవు శబ్దమును గూర్చినదే యగుట చిత్రము. ఈ త్రోవలో ఉపగ్రహము లొకదాని నొకటి తాకుట మిక్కిలి అరుదు; వాని పలుకులు మాత్రము సులభముగా తాకును. ఇంటిమీది చిన్న పళ్లెమునకు చూపు సన్నము కాదు. ఒకే పౌనఃపున్యమున రెండు ఉపగ్రహములు చేరువనుండి పలికినచో అది రెంటిని వేరుచేయజాలదు. అందుచేతనే 1977 లో జెనీవాలో కూడిన ప్రపంచసభ ఆసియా, ఆఫ్రికా, యూరపు దేశములకు ప్రసార ఉపగ్రహముల చోట్లు పంచునపుడు చాలవరకు ఆరేసి డిగ్రీల యెడ ముంచెను. చోటు మార్చుకొను ఉపగ్రహము దారిపొడుగున ఇతరుల ముంగిటినుండి పోవలెను. కావున హరికథ జరుగుచున్న పందిరి ప్రక్కగా పోవు ఊరేగింపు మేళము నాపుకొన్నట్లు, అదియు నోరు మూసికొని పోవలసియుండును.

ఇక సెలవిచ్చు నధికారము ఎవరిది? చెరువు క్రింది రైతు తన మడికి నీరు పెట్టుకొనుటకు నీరుగంటి నడుగును. చెరువు నీరుగంటిది కాదు, నీరును అతనిది కాదు. అయినను అతని నడిగిన రైతు తక్కువవాడైనట్లు ఊరిలో ఎవ్వరును తలపరు; ఏలయన అతని నడుగుట యనగా ఆయకట్టులోని రైతుల నందరిని ఒక్కసారి అడుగుట. ఆకాశమునందును అంతే. 1967 నాటి అంతరిక్ష సంధి ప్రకారము ఏ రాజ్యమును అంతరిక్షమును తన సొత్తుగా చేసికొనరాదు. 1973 నాటి టెలికమ్యూనికేషన్ ఒడంబడిక ఈ కక్ష్యయు, రేడియో పౌనఃపున్యములును పరిమితములైన ప్రకృతిసంపదలని, వాని నన్ని దేశములును న్యాయముగా పొందగలుగునట్లు పొదుపుగా వాడవలెనని నిర్ణయించినది. సంస్థ తన ప్రభుత్వము నడుగును. ఆ ప్రభుత్వము అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ద్వారా తక్కిన దేశములకు తెలుపును. ఇచ్చువాడు యజమానుడై ఇచ్చుట లేదు. పదుగురి పక్షమున విని యిచ్చుచున్నాడు. అనుమతికి గౌరవ మంతయు ఈ వినుటయందే యున్నదని మా యభిప్రాయము.

దీనికి మంచి నిదర్శన మొకటి గలదు. అమెరికాలోని డైరెక్‌టీవీ సంస్థకు స్పేస్‌వే 1 అను ప్రసార ఉపగ్రహ ముండెను. అది 2005 లో ఎగిరినది. 2019 డిసెంబరులో ఏదో లోపమువలన దాని బ్యాటరీలు వేడికి చెడినవి. ఎండ తగులుచున్నంతకాలము సూర్యఫలకముల బలముతో అది పనిచేయగలదు. కాని విషువత్తుల సమీపమున ఇట్టి ఉపగ్రహములు ప్రతిదినము కొంతసేపు భూమి నీడలో పడును. అపుడు బ్యాటరీలను వాడక తప్పదు. వాడి మరల నింపినచో అవి పగిలిపోవచ్చునని నిర్మాతలు చెప్పిరి. పగిలిన ముక్కలు ఆ త్రోవలోని వారందరికిని ముప్పు తెచ్చును. నీడకాలము 2020 ఫిబ్రవరి 25 న మొదలగును. సంస్థవారు జనవరిలోనే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనునకు దరఖాస్తు పెట్టిరి. ఉపగ్రహమును 300 కిలోమీటర్లు పైకి తొలగించుటకు సెలవు కోరిరి. తొలగించుటకు ముందు మిగిలిన యింధనమును ఖాళీచేయవలెనను నియమ మొకటి గలదు. సుమారు 73 కిలోల యింధన మున్నదనియు, దానిని ఖాళీచేయుటకు వ్యవధి లేదనియు చెప్పి ఆ నియమమునుండి మినహాయింపును గూడ కోరిరి. కమిషను అంగీకరించెను. ఉపగ్రహము పైనున్న శ్మశానకక్ష్యకు చేర్చబడెను.

వారి యింటిలో నిప్పంటుకొన్నదని తలచినచో, ఆర్పుటకు కూడ ఒకరి సెలవు కావలెనా యని తోచవచ్చును. కాని వారు పెట్టిన దరఖాస్తును గమనింపుడు. తమ యంత్రము చెడినదని ఒప్పుకొనిరి. ఎంత చెడినదో, ఎన్నడు ముప్పు కలుగునో, ఏ నియమమును తాము పాటింపలేరో తామే చెప్పిరి. ఆపద్ధర్మమునకు మన పెద్దలు చోటిచ్చిరి; అయితే ఆపద యన్నపేరు పెట్టుకొని చాటున నియమము తప్పువానికిని, నలుగురిలో కారణము చెప్పి తప్పువానికిని భేద మున్నది. మొదటివాడు నియమమును చంపును. రెండవవాడు దానిని కాపాడును. సెలవు కోరవలసి యుండుటచేతనే ఆ సత్యము బయటికి వచ్చినది. అడుగవలసిన విధి లేనిచోట, చెప్పవలసిన విధియు నుండదు.

ఇంతవరకు అనుమతియొక్క గుణమును చెప్పితిమి. దోషమును దాచుట న్యాయము కాదు. బస్సు ఆగకమునుపే కిటికీలోనుండి తువ్వాలు వేసి చోటు ఆపుకొనువారిని మన మెరుగుదుము. తువ్వాలు కూర్చుండదు, అయినను తరువాత వచ్చిన ముసలమ్మ నిలిచియే ప్రయాణము చేయవలెను. ఆకాశమునందును ఇట్టి తువ్వాళ్లు గలవు. ఉపగ్రహము లేకయే కాగితముమీద చోటు కోరి పెట్టుకొను ఆచారము ప్రబలగా, ఏడేండ్లలోపల దానిని వాడుకలోనికి తేవలెనని నిబంధన మేర్పడినది. అపుడు కొందరు పాత ఉపగ్రహమును కొన్నాళ్లు ఒకచోటను, కొన్నాళ్లు వేరొకచోటను నిలిపి, అన్నిచోట్లను వాడినట్లు లెక్క చూపసాగిరి. అందుచేత కనీసము 90 దినములు విడువక నిలువవలెనని 2012 నాటి ప్రపంచసభ కట్టడి చేసెను. ఇట్టి కదలికలకును అనుమతిపత్రము లుండవచ్చును. పత్ర మున్నంతమాత్రమున పని ధర్మ మగునా?

మరియొక చిక్కు గలదు. పసిఫిక్ సముద్రములోని టోంగా అను చిన్న రాజ్యము 1980ల చివర పదునారు చోట్లు కోరినది. తనకు వలసినవి కావు; ఇతరులకు అద్దెకిచ్చుటకు కోరినది. పెద్ద సంస్థలు మండిపడినవి. కడకు ఆరు చోట్లతో తృప్తిపడవలసివచ్చినది. అంతకుముందు 1976 లో కొలంబియా రాజధాని బొగోటాలో భూమధ్యరేఖమీది కొన్ని దేశములు కూడి, తమ నేలకు పైనున్న కక్ష్యాభాగము తమదే యని ప్రకటించెను. లోకము దాని నంగీకరింపలేదు. అంగీకరింపకుండుటయే మంచిదని మేమును తలచెదము. కాని ఆ చిన్నదేశములది అత్యాశ యని నవ్వుటకు ముందు, ముందుగా వచ్చి చోట్ల నాక్రమించిన పెద్దదేశములది ఏమని పిలువవలెనో ఆలోచింపవలెను. ముందు వచ్చుట ప్రయాసకు గుర్తు కావచ్చును, ధనమునకు గుర్తు కావచ్చును. హక్కునకు అదియొక్కటే మూలము కాజాలదు. చెరువు తూము దగ్గర మడి యున్నవాడు ముందు నీరు పెట్టుకొనుట సహజము. చివరి మడి యెండిపోయినపుడు నీరుగంటి యేమి చేసెనని ఊరడుగును.

వేదాంతులు ఘటాకాశమును దృష్టాంతముగా చెప్పుదురు. కుండలోని ఆకాశము కుండది కాదు. కుండను జరిపినపుడు ఆకాశము వెంటరాదు. ఉపగ్రహము జరిగిపోయినపుడు అది విడిచిన చోటును అట్లే యుండును. ఆ చోటికి తాను కొంతకాలపు అతిథి ననుకొన్న వానికి సెలవడుగుట భారము కాదు. తనది యనుకొన్న వానికే అది అవమానముగా తోచును.

అయినను సెలవు ఎవరి నడిగినారో, ఎవరి నడుగలేదో చూడక విచారణ పూర్తికాదు. ఇందుకు మనదేశపు కథయే ఒకటి గలదు. 1974 మే నెలలో అమెరికావారు పంపిన ఏటీఎస్ 6 అను ఉపగ్రహము మొదట అమెరికా ఖండముపై నిలిచి, అలాస్కా మొదలగు దూరప్రాంతముల వైద్యమునకును విద్యకును తోడ్పడినది. ఉభయదేశములును 1969 లో చేసికొన్న యొడంబడిక ప్రకారము 1975 మధ్యకాలమున దానిని తూర్పు రేఖాంశము 35 డిగ్రీల చోటికి నడిపించిరి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు అది సేద్యము, ఆరోగ్యము, చదువు బోధించెను. వానిలో ఆంధ్రప్రదేశపు పల్లెలును గలవు; అక్కడ అది తెలుగున పలికెను. సంవత్సరము నిండగానే ఉపగ్రహమును మరల పడమటికి తీసికొనిపోయిరి.

ఇందులో మాట తప్పినవారు లేరు. ఇచ్చినవారు ఉదారులు, పుచ్చుకొన్నవారు కృతజ్ఞులు. గడువు ముందే తెలిసినదే. ఆ ప్రయోగ మిచ్చిన అనుభవము పిమ్మట మన ఇన్సాట్ ఉపగ్రహములకు పనికివచ్చినది. అయినను ఒక్కమాట. అది ఇటు వచ్చినపుడు అలాస్కా పల్లెవాడు తన వైద్యుని ముఖము చూడలేకపోయెను. అది అటు పోయినపుడు మన పల్లెలో సాయంకాలము పెట్టె ముందు చేరిన పడుచు, తాను వినుచున్న ఆరోగ్యపాఠము నడుమ నాగినదని విచారించియుండును. సెలవు కోరినవారిలోను, ఇచ్చినవారిలోను ఈ యిద్దరును లేరు. ఏ దరఖాస్తునందును వీరికి ఆక్షేపణ తెలుపు గడి లేదు.

మన యిండ్లలోను ఇట్టిది జరుగుచునే యున్నది. ఇంటి యజమానుడు ఊరు మార్చదలచునపుడు పై యధికారి సెలవు కోరును. క్రొత్త యింటివానితో అద్దె మాటలాడును. బండివానితో బేరము చేయును. నూతినీరు దూరమా దగ్గరా యని తెలిసికొనవలసిన గృహిణిని, సగములో బడి మానవలసిన కూతురును అడుగుట మరచును. అడుగవలసినవారి నందరిని అడిగితిననియే అతడు నమ్మును. అతడు దుష్టుడు కాడు. కాని అతడు అధికారము గలవారిని మాత్రమే లెక్కించెను. ఫలము ననుభవించువారిని లెక్కింపలేదు.

కావున కచేరీలను తీసివేయు డని మేము చెప్పము. జాప్యము కలదు, కాగితముల మోత కలదు, వానిని తగ్గింపవలసినదే. వినుట తగ్గరాదు, పెరుగవలెను. ప్రసార ఉపగ్రహమును జరుపుకొన సెలవు కోరు సంస్థ, పొరుగు ఉపగ్రహములకు హాని లేదని చూపినంతనే తన విధి తీరినదని తలపరాదు. అది విడిచిపోవు పళ్లెములక్రింద ఎవరున్నారు? వారికి ముందుగా తెలిపినారా? వారికి మారుగా ఏమి యేర్పరచినారు? ఖాళీయైన చోటును నిజముగా విడుచుచున్నారా, తువ్వాలు వేసి పోవుచున్నారా? ఇంతవరకు ఒక్క ఉపగ్రహమైనను పంపని దేశము రేపు వచ్చి నిలుచుటకు ఎడ మున్నదా? సెలవిచ్చువారు ఈ ప్రశ్నలను గూడ అడిగి, సమాధానములను నలుగురికి తెలియజేసినపుడు, చివరి మడి రైతు గట్టుమీద నిలిచి తన వంతు ఎప్పుడని ధైర్యముగా అడుగగలుగును.