మెరయు చక్రము, చెప్పని మాట

పాత మోటారు సైకిలును అమ్ముటకు ముందు దాని చక్రములను అద్దమువలె మెరయజేయుట తప్పగునా? ఈ ప్రశ్న విని కొందరు నవ్వుదురు. తోముట తప్పెట్లగును, ఇల్లు అమ్మువాడు సున్నము వేయించడా, ఎద్దును సంతకు తోలువాడు కడిగి తోలడా అని అందురు. అయితే ఆ చక్రము పైన మెరుపును టైరు క్రింద తుప్పును ఉండి, ఆ తుప్పు సంగతి అమ్మువానికి తెలిసి, కొనువాడు మన సంఘములోని సహోదరుడే అయినప్పుడు నవ్వు కొంచెము తగ్గును. మన అనకాపల్లి వర్తకముమీద బ్రదుకు ఊరు గనుక ఇట్టి ప్రశ్న ఏదో ఒక రూపమున ప్రతి గుమ్మమునకును వచ్చునదే. కాబట్టి ఈ నెల దీనిని గూర్చి కొంచెము నిదానముగా ఆలోచింతము.

ముందు ఆ మెరుపేమిటో తెలిసికొనవలెను. 1797లో ఫ్రాన్సు దేశమున వోక్లాఁ అను రసాయన శాస్త్రవేత్త క్రోమియమను లోహమును కనుగొనెను. దానిని ఇనుముపై పూతగా వేయు పని 1920 తరువాతి సంవత్సరములలో వ్యాపార రీతిగా వ్యాపించెను. 1955లో మదరాసులో ఎన్‌ఫీల్డు కంపెనీ స్థాపింపబడి బుల్లెట్టు బండ్లను మన దేశముననే చేయ మొదలిడిన నాటనుండి, ఆ తళతళలాడు రిమ్ములు మన పల్లెటూరి కుఱ్ఱవారికిని ఆశగొలుపు వస్తువులైనవి. ఇప్పుడు అనేక బండ్లకు అల్లాయ్ చక్రములు వచ్చినను, స్పోకుల చక్రమున్న బండిని ఆదివారమున గుడి వాకిట నిలిపినవాడు దానిని ఒకసారి వెనుకకు తిరిగి చూడక లోపలికి రాడు.

మనము క్రోమియమని చూచు ఆ పూత మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటెను పలుచనిది. దాని క్రింద నికెలు పూత యుండును. ఇనుమును నిజముగా కాపాడునది ఆ నికెలే. నికెలు మాసిపోకుండ పైనున్న క్రోమియము కాపాడును. క్రోమియమునకు తుప్పు పట్టదు. మరి మన రిమ్ములమీద కనబడు ఆ గోధుమరంగు చుక్కలేమి? పూతలో కంటికి కనబడని బీటలును రంధ్రములును ఉండును. వానగుండ నీరును, పూడిమడక వంటి సముద్రతీరమునకు పోయివచ్చునప్పుడు అంటుకొను ఉప్పును ఆ సందులగుండ దిగి, నికెలును తొలిచి, ఇనుమును చేరును. పైకి కనబడు చుక్క లోపలి తుప్పు నోరు మాత్రమే. అదియుగాక పూత వేయునప్పుడు విద్యుత్తు రిమ్ము లోపలి భాగమునకు సరిగా అందదు గనుక అక్కడ పూత ఇంకను పలుచన. స్పోకుల రంధ్రములగుండ నీరు చేరి టైరు క్రింద నిలుచును. అందుచేత పైన నవనవలాడు చక్రము లోపల తినివేయబడి యుండుట మెకానిక్కులందరు ఎరిగిన సంగతే.

కాపాడుకొను విధము కష్టమైనది కాదు. వానలో తిరిగివచ్చిన దినముననే మంచినీళ్లతోను కొంచెము సబ్బుతోను కడిగి, మెత్తని గుడ్డతో స్పోకుల మొదళ్ల వరకు తడిలేకుండ తుడువవలెను. ఎండిన తరువాత పలుచగా మైనము పూయవలెను. ఆ మైనము గాని నూనె గాని టైరు నేలనానుకొను భాగమునకును బ్రేకునకును తగులనీయరాదు, తగిలినయెడల బండి జారును. తుప్పు చుక్కలున్నచోట అల్యూమినియపు రేకును ఉండచేసి నీటిలో తడిపి మెల్లగా రుద్దినయెడల అవి పోవును; క్రోమియముకంటె ఆ రేకు మెత్తనిది గనుక గీతలు పడవు. మన స్త్రీలు ఇత్తడి బిందెలను చింతపండుతో తోముదురు గదా అని చక్రమునకు కూడ అదే చేయువారున్నారు. బిందె లోపల అంతయు ఇత్తడే. ఇక్కడ మెరుపు పొరమాత్రమే. పులుపు పెట్టినయెడల వెంటనే కడిగి ఆరబెట్టవలెను. ఇక మరుగుదొడ్లు కడుగు యాసిడ్డును చక్రముమీద పోయు దుకాణములవారిని గూర్చి చెప్పనేల? ఆ సాయంకాలమునకు తెల్లగా కనబడును, వర్షకాలము పోవులోగా పొరలూడును.

ఇంతవరకు తోముట ఒక గృహధర్మము. తన పశువును బాగుగా చూచుకొను నీతిమంతుని గూర్చి సామెతల గ్రంథము చెప్పుచున్నది. శారదా నదిలో ఎద్దులను కడిగిన మన తాతలకు అది తెలియును. దేవుడిచ్చిన వస్తువు పాడుకాకుండ చూచుకొనుట డంబము కాదని మేము తలంచుచున్నాము. అదే గుడ్డ, అదే మైనము, అదే చేయి అమ్మకపు దినమున వేరొక పని చేయును. చిక్కు అక్కడ మొదలగును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. క్రీస్తు పూర్వము 44లో రోమా పండితుడైన సిసెరో కర్తవ్యములను గూర్చి తాను వ్రాసిన గ్రంథములో ఒక వర్తకుని కథను చర్చించెను. రోడ్సు ద్వీపమున కరవు వచ్చెను. అలెగ్జాండ్రియానుండి ధాన్యపు ఓడతో ముందుగా చేరిన ఆ వర్తకునికి వెనుక ఇంకను ఓడలు వచ్చుచున్నవని తెలియును. చెప్పినయెడల ధర పడిపోవును. చెప్పవలెనా? ఊరకుండుట వేరు దాచుట వేరని డయోజెనీసు అను పండితుడు వాదించెను. తెలిసినదంతయు కొనువానికి చెప్పవలసినదేయని యాంటిపేటరు అనెను. సిసెరో యాంటిపేటరు పక్షమున నిలిచెను.

డయోజెనీసు మాటలో కొంత సత్యము లేకపోలేదు. 13వ శతాబ్దమునకు చెందిన థామస్ అక్వినాస్ అను వేదాంతి, మన శాఖవాడు కాకపోయినను, ఈ విషయమున చక్కగా చెప్పెను. గుఱ్ఱమునకు ఒక కన్ను లేనియెడల దానిని అమ్మువాడు చాటింపు వేయనక్కరలేదు. కొనువానికి రెండు కన్నులున్నవి గదా. ధర మాత్రము తగ్గింపవలెను. అయితే లోపము కంటికి కనబడనిదై, దానివలన కొనువానికి నష్టము గాని అపాయము గాని కలుగునదైనయెడల చెప్పియే తీరవలెనని ఆయన మతము.

ఈ కొలతతో మన చక్రమును కొలిచి చూడుడి. అంచున తుప్పు బయటికి కనబడు రిమ్ము ఒంటికన్ను గుఱ్ఱమువంటిది. దానిని ఉన్నది ఉన్నట్లుగా నిలబెట్టి, మౌనముగా నుండి, తగిన ధరకు అమ్మినవానిని నిందింపలేము. అదే మనుష్యుడు ముందురాత్రి కూర్చుండి ఆ చుక్కలను రుద్ది, గుంటలలో సిల్వరు పెయింటు నింపి, పైన మైనము పూసెననుకొందము. కొనువాని కన్ను చూడగలిగినదానిని చూడలేనిదిగా అతడే చేసెను. నిన్నటివరకు ఊరకుండుటకు అతనికున్న హక్కు ఆ గుడ్డతోనే తుడిచివేయబడినది. ఎంత తోమితే అంత చెప్పవలసిన బాధ్యత పెరుగును. మురికి తీసినంతవరకు బాధ్యత లేదు, ఎందుకనగా మురికి పోయినప్పుడు లోపము ఇంకను స్పష్టముగా కనబడును. లోపమును కప్పినప్పుడే లెక్క మారును.

మన దేశపు చట్టము కూడ ఈ భేదమును ఎరుగును. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 17వ సెక్షను ప్రకారము సామాన్యముగా మౌనము మోసము కాదు. తెలిసిన సంగతిని బుద్ధిపూర్వకముగా కప్పిపెట్టుట మోసమే. అక్కడ కూడ ఉదాహరణము గుఱ్ఱమే! జబ్బు గుఱ్ఱమును వేలములో ఏమియు చెప్పక అమ్మినవాడు మోసగాడు కాడట. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కుమార్తె అయినయెడల, ఆ బంధుత్వమును బట్టియే అతడు చెప్పవలసియున్నది. మరియు, నీవు కాదననియెడల గుఱ్ఱము మంచిదని అనుకొందునని కొనువాడు పలికినప్పుడు, ఆ మౌనము మాటతో సమానము. “బండి బాగున్నది గదా అన్నా?” అని అడిగినవాని యెదుట చిరునవ్వు నవ్వి ఊరకుండుట మనలో ఎంత సాధారణము! ఇక, ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువారము ఒకరికొకరము వేలములోని పరాయివారమా, ఆ కుమార్తెవంటి వారమా? చట్టము ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు, సంఘము చెప్పుకొనవలెను.

పైగా ఇది కేవలము సొమ్ము సంగతి కాదు. ఆ చక్రముమీద రేపు భార్యను వెనుకను, బిడ్డను ముందును కూర్చుండబెట్టుకొని ఒకడు జాతీయ రహదారిమీద లారీల ప్రక్కను పోవును. తినివేయబడిన రిమ్ములో స్పోకు ఊడిపోవచ్చును, ట్యూబు తెగవచ్చును. నిర్గమకాండము 21వ అధ్యాయములో, గోతిని త్రవ్వి కప్పకుండ విడిచినవాడు అందులో పడిన ఎద్దునకు నష్టము చెల్లింపవలెనని యున్నది. గోతిమీద పచ్చగడ్డి పరచి మార్గమువలె కనబడజేసినవాని మాట అక్కడ వ్రాయబడలేదు. వ్రాయనక్కరలేదని యనుకొందము.

కొనువారిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. మన బెల్లపు మార్కెట్టును చూడుడి. లేతరంగు దిమ్మకు ధర ఎక్కువ, ముదురురంగు దిమ్మకు తక్కువ. అందుచేతనే పానకము కాగునప్పుడు హైడ్రోసు అను మందు వేసి రంగు తేల్చుట వచ్చినది. తినువానికి మేలు చేయునది ఆ రంగు కాదని వర్తకునికిని తెలియును, రైతుకును తెలియును. అయినను మెరుపునకే వెలకట్టు బజారులో మెరుపు పెట్టనివాడు నష్టపడుచున్నాడు. బండిని కొనువారమును అట్టివారమే. ముందు చక్రమును చూచి ధర చెప్పుదుము. తుప్పును ఒప్పుకొన్నవానిని మూడువేలు తగ్గించమని పిండి, దాచినవానికి అడిగినంత ఇచ్చినయెడల, మనము ఏ అలవాటునకు కూలి ఇచ్చుచున్నాము?

ఇక మిగిలినది ఒక తెలివైన సాకు. “లోపల ఎట్లున్నదో నాకు తెలియదు, నేను చూడలేదు” అని కొందరు అందురు. నిజముగా తెలియనివానిమీద మేము భారము మోపము. అయితే అమ్మువరకు విప్పవద్దని మెకానిక్కుతో చెప్పినవాడును ఆ మాటే అనును. అట్టివాడు మా యొద్దకు వచ్చినయెడల మేము వాదింపము. టైరు విప్పి చూపుటకు పంక్చరు దుకాణములో అరగంటకంటె ఎక్కువ పట్టదని మాత్రము చెప్పుదుము.