ఒకే నోట దీవెనయు, ఎగతాళియు

ధ్యాన భాగము: యాకోబు 3:9, 10



వరంగల్లు జిల్లాలో కల్లెడ యను పల్లె కలదు. అక్కడ కూలి చేసి బ్రదుకు కుటుంబమున 2003లో జీవాంజి దీప్తి జన్మించెను. బిడ్డకు బుద్ధి ఎదుగుదలలో లోపముండెను. ఊరివారు కొందరు ఆమెను పిచ్చిదనిరి, కోతియనిరి. అనాథాశ్రమములో విడువుడని తల్లికి చెప్పినవారును కలరు. తలిదండ్రులు విడువలేదు.

బడిలో ఆమె పరుగును వ్యాయామోపాధ్యాయుడు గుర్తించెను. తరువాత నాగపురి రమేష్ అను శిక్షకుడు ఆమెకు తర్ఫీదు ఇచ్చెను. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె 400 మీటర్ల పరుగున బంగారు పతకము పొందెను. 2024 మే నెలలో జపానులోని కోబెలో అదే దూరము 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన విభాగమున అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకము గెలిచెను.

యాబదియైదు సెకండ్లనగా, మనము ప్రభువు ప్రార్థనను నెమ్మదిగా చెప్పి ముగించునంత సేపు. మనము ఆ ప్రార్థనను "మా తండ్రీ" యని ఆరంభింతుము. ఆ తండ్రి ఎవరికి తండ్రి? మన వాకిట ఊరక కూర్చున్న బిడ్డకు కాడా? గుడిలో ఆయనను స్తుతించిన నోటితోనే, గుడి దాటగానే, ఆయన పోలికెగా పుట్టిన బిడ్డను "మొద్దు", "కుంటి" అని పిలుచుట తగదని యాకోబు మనలను గద్దించుచున్నాడు.

గెలిచిన పిదప ఎవరైనను చప్పట్లు కొట్టుదురు. అయితే ఏ పతకమును తేలేని బిడ్డ మాటేమి? 2 సమూయేలు 9వ అధ్యాయము చూడుడి. మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివి. అతడు ఏ పందెమును గెలువలేదు. అయినను యోనాతానును బట్టి దావీదు అతనిని తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. మనమును మన యోగ్యతను బట్టి కాక, క్రీస్తును బట్టియే ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నాము గదా!

కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలోని సంఘస్థులారా, సిగ్గుచేత ఇంట దాచిన బిడ్డ మన మధ్య ఎవరైన ఉన్నారా? వచ్చు ఆదివారము ఆ బిడ్డను తోడుకొని వత్తము. సండేస్కూలు పట్టీలో పేరు వ్రాయుదము. ఆ పేరుతోనే పిలుతము.

ప్రార్థన: తండ్రీ, మా నాలుకను క్షమించుము. నీ పోలికెను ప్రతి బిడ్డయందు చూచు కన్నులను మాకిమ్ము. ఆమేన్.