పక్షి సంకరము – ధర్మవిచారము

సంకరమను పదమునకు తెలుగునాట రెండు ముఖములు కలవు. రైతు సంకర వరి విత్తనము కొనును, సంకరజాతి ఆవును ఇంటికి తోలుకొనివచ్చును. అప్పుడు ఆ మాట దిగుబడికిని పాడికిని గుర్తు. అదే మాట మనుష్యుల పెండ్లి విషయమున వినబడినచో నిందగా మారును. పొలములో మెప్పుగా నున్నది పెండ్లి పందిటిలో తిట్టగుట వింతయే. ఈ రెండింటికిని నడుమ మూడవ తావొకటి కలదు. అది పక్షులను పెంచువారి పంజరము. అక్కడ ఒక జాతి మగపిట్టను వేరొక జాతి ఆడుపిట్టతో జతకూర్చి, తల్లికిగాని తోటి పెంపుడు పిట్టలకుగాని లేని రంగును పుట్టింప యత్నింతురు. ఇట్లు చేయుట ధర్మమా? పిట్టల సంగతి గదా యని తోసివేయువారుందురు. అట్లు తోసివేయుటకు వీలులేదని తెలుపు చరిత్ర ఒకటి జర్మనీ దేశమున జరిగినది.

కానరీ యను పిట్ట అట్లాంటిక్ మహాసముద్రములోని దీవులకు చెందినది. అడవిలో దాని వన్నె పచ్చదనము కలిసిన బూడిదరంగు. స్పెయిను దేశీయులు దానిని ఐరోపాకు కొనిపోయిన పిమ్మట, తరతరముల పెంపకములో నిండు పసుపు కానరీలు ఏర్పడినవి. ఎంత ఏరి కూర్చినను ఎరుపు మాత్రము రాలేదు. 1920 తరువాతి సంవత్సరములలో బ్రెమెన్ నగరమునందలి హాన్స్ డుంకర్ అను ఉపాధ్యాయుడు, కార్ల్ రైష్ అను పక్షిపోషకునితో కలిసి, ఆ ఎరుపును వేరొక జాతినుండి తేవచ్చునని తలచెను. వెనిజులా దేశమున రెడ్ సిస్కిన్ అను చిన్న పిట్ట గలదు. మగదాని తల నలుపు, ఒడలు కుంకుమవన్నె. దానిని కానరీ పెట్టతో కూర్చిరి. పుట్టిన మగపిల్లలు రాగిరంగువి. వానిని మరల కానరీ పెట్టలతోనే తరము తరువాత తరముగా కలుపుచుపోయిరి. డుంకరునకు దక్కినది నారింజరంగు మాత్రమే. ఎరుపు పూర్తిగా పలుకుటకు మేతలోని వర్ణద్రవ్యము కూడ కావలయునని పిమ్మటి పెంపకందారులు గ్రహించిరి. సిస్కిన్ నుండి కానరీలోనికి చేరిన ఒక జన్యువు మేతలోని పసుపు ద్రవ్యమును ఎరుపుగా మార్చుచున్నదని 2016లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఎరుపునకు పుట్టుకయు కావలెను, కూడును కావలెనన్నమాట. పుట్టుకయే సర్వమని నమ్మిన డుంకరునకు ఈ సంగతి తోచకపోవుట గమనింపదగినది.

రాగిరంగు మగపిల్లలు సంతానయోగ్యములు. వాని తోబుట్టువులైన ఆడుపిల్లలు దాదాపుగా గొడ్రాండ్రు. దీనికి కారణము యాదృచ్ఛికము కాదు. రెండు జాతుల సంకరమున బిడ్డలలో ఒక లింగమునకే లోపము కలిగినచో, సాధారణముగా అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు గల లింగమే యగునని జె.బి.ఎస్. హాల్డేన్ 1922లో తెలిపెను. మానవులలో అట్టిది పురుషుడు, పక్షులలో ఆడుది. హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరిక ననుసరించి ఆయన దేహము కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. పక్షుల గొడ్డుతనమునకు సూత్రము చెప్పినవాని ఎముకలు తెలుగు విద్యార్థులకు పాఠము చెప్పుటకై ఇచ్చటనే నిలిచినవి.

మరల డుంకరు మాట. ఎరుపు కానరీకై రెండు జాతులను కలిపిన ఈ మనుష్యుడే, మనుష్యులలో మేలిమి పుట్టుకను కాపాడవలెనను యూజెనిక్స్ వాదమును సమర్థించెను. ఆ వాదము నాజీల పాలనలో ఎంతటి ఘోరమునకు దారితీసెనో లోకమునకు తెలిసినదే. పంజరములో సంకరమును మెచ్చినవాడు వీధిలో సంకరమును ఏల వెరచెను? అతని కంటికి రెండును ఒకే పని. పిట్టను ఏరి కూర్చువాడు మనుష్యులను కూడ ఏరవచ్చునను అహంకారము ఆ రెండింటికిని తల్లి. పిట్ట ఇష్టమడిగినవాడు లేడు; మనుష్యుల ఇష్టము నడుగుటయు అనవసరమని తోచినది.

తెలుగుభాష ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెట్టుచున్నది. జాతియను మాట ఈ భాషలో కోకిల కాకుల భేదమును చెప్పును, ఒంగోలు ఎద్దు మేలిమిని చెప్పును, కులమును చెప్పును, దేశప్రజను చెప్పును. నాలుగు వేర్వేరు సంగతులకు ఒకే మాట యగుటచే, ఒకదానికి చెల్లు న్యాయము వేరొకదానికిని చెల్లునన్న భ్రమ సులువుగా పుట్టును. కల్యాణనగరమున పన్నెండవ శతాబ్దిలో హరళయ్య కుమారునికిని మధువరసు కుమార్తెకును జరిగిన వివాహమును వర్ణసంకరమని నిందించి, ఆ తండ్రుల ప్రాణములు తీసిన కథ శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. ఆ నింద కేవలము ఈ భ్రమపైననే నిలిచినది. చెప్పులు కుట్టువాని బిడ్డయు మంత్రి బిడ్డయు ఒకే మానవజాతి. వారి సంతతిలో ఏ కొరతయు నుండదు. కానరీయు సిస్కినును అట్టివి కావు. కావున పిట్టల సంకరమును ప్రశ్నించువాడు కులభేదమును సమర్థించుచున్నాడని తలచుట ఎంత పొరపాటో, కులభేదమునకు పిట్టలను సాక్ష్యము పిలుచుట అంతకు మించిన పొరపాటు.

ఇక ప్రశ్నను దాని తావునకే తెచ్చి చూడవలెను. పక్షి సంకరము ప్రకృతి విరుద్ధమని కొందరందురు. ఈ వాదము నిలువదు. లోకమునందలి పక్షిజాతులలో సుమారు పదింట ఒకటి అడవిలోనే వేరొక జాతితో కలిసి పిల్లలను కన్నట్లు నమోదైనది. గలపాగస్ దీవులలో పీటర్ గ్రాంటు, రోజ్‌మేరీ గ్రాంటు దంపతులు దశాబ్దముల తరబడి గమనించిన ఫించి పిట్టలలో, కరవు కాటకములను బట్టి సంకర సంతతికి మేలు జరిగిన కాలములు కూడ కలవు. ప్రకృతి తానే చేయుదానిని ప్రకృతి విరుద్ధమనుట తర్కము కాదు. జాతిశుద్ధి పవిత్రమన్నది రెండవ వాదము. పిట్టకు తన జాతి శుద్ధమో కాదో తెలియదు, దానితో పనియు లేదు. శుద్ధిపై మమకారము చూచువానిది గాని పిట్టది కాదు.

ఈ రెండు వాదములను పక్కకు పెట్టిన పిదప మిగులునది ఒక్కటే: పుట్టిన పిట్టకు ఏమగును?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున విలియం డిల్జర్ అను శాస్త్రజ్ఞుడు చేసి 1962లో ప్రకటించిన పరిశీలన ఇచ్చట విలువైనది. అది ఆఫ్రికా లవ్ బర్డ్స్‌ను గూర్చినది. (తెలుగు పట్టణములలో లవ్ బర్డ్స్ అను పేరిట అమ్ముడుపోవునవి పెక్కు ఆస్ట్రేలియా బడ్జెరిగార్లు, అవి వేరు.) గులాబిముఖపు లవ్ బర్డ్ పెట్ట ఆకును, కాగితమును సన్నని పీలికలుగా కొరికి, నడుము ఈకల నడుమ దోపుకొని, ఒకేసారి పలు పీలికలతో గూటికెగురును. ఫిషర్ లవ్ బర్డ్ అట్లు చేయదు. ఒక్కొక్క పీలికను ముక్కున కరచుకొని పోవును. ఈ రెంటికిని పుట్టిన పెట్టలకు గూడు కట్టు ఋతువు వచ్చినది. పీలికలు చక్కగా కొరికినవి. పిమ్మట ఏమి చేయవలెనో వానికి తెలియలేదు. మెడ త్రిప్పి ఈకలలో దోపబోవును. దోపి ముక్కు విడువదు. విడిచినను పీలిక జారిపడును. మరల మొదటికి వచ్చును. తల్లి తీరు ఒకవైపు లాగ, తండ్రి తీరు మరియొకవైపు లాగ, దినములు గడచినవి. ముక్కున కరచుకొనిపోవుటయే సాధ్యమని అవి పూర్తిగా నేర్చుకొనుటకు మూడేండ్లు పట్టినది. అప్పటికిని ఎగురబోవు ముందు మెడ త్రిప్పు అలవాటు పోలేదు. ఆ పెట్టలు గొడ్రాండ్రు. గూడు పూర్తియైనను అందులో పిల్ల పలుకు యోగము వానికి లేదు.

ఇది హింసయా? రక్తము కారలేదు, ఆకలి లేదు. పంజరము శుభ్రముగనే యుండును. కాని ప్రాణికి తన పని తాను చేసికొనగల నేర్పును పుట్టుకలోనే చెదరగొట్టి, దానిని వేడుకగా చూచుట దయ అనిపించుకొనదు. బసవేశ్వరుడు దయను సర్వప్రాణులకును చాచి చెప్పెను గాని, నొప్పియని అరచు ప్రాణులకు మాత్రమే పరిమితము చేయలేదు.

పెంపకందారుల పక్షమును కూడ వినవలెను. అన్ని సంకరములును ఇట్లుండవు. గోల్డ్‌ఫించి కానరీల సంతతిని ఇంగ్లాండువారు కంచరగాడిద పేరిటనే పిలుతురు. సామాన్యముగా అవి గొడ్డువైనను దృఢముగా నుండి ఇంపుగా పాడును. నీలిపసుపు మకావునకును ఎర్రమకావునకును పుట్టిన కెటలీనా మకావులు సంతానమును కూడ కనగలవు. ఆవును సంకరము చేయవచ్చును గాని పిట్టను చేయరాదా యని వారడుగుదురు. ఈ ప్రశ్నలో బలము లేకపోలేదు. పాలకై చేసిన సంకరమున ఆవు పడు కష్టములు చిన్నవి కావు. ఎండదెబ్బకు, రోగములకు అవి నాటు ఆవులకంటె త్వరగా లొంగును. అయినను అక్కడ బిడ్డల కడుపు ఒకటి అడ్డు నిలుచును. మకావు ఈకల రంగునకు అట్టి అడ్డేమున్నది? సంతానమును కనగలుగుట మేలని తోచినను, తరము తరము కలిసిపోయిన పిదప ఆ పక్షులు ఏ అడవికిని తిరిగి ఇవ్వదగినవి కావు.

అడవి మాట వచ్చినది గనుక సిస్కిన్ సంగతి చెప్పక తీరదు. కానరీకి ఎరుపునిచ్చిన ఆ పిట్ట పంజరముల వర్తకమునకై పట్టుబడి పట్టుబడి వెనిజులాలో మిక్కిలి అరుదైనది. నేడది అంతర్జాతీయముగా అంతరించు ప్రమాదమున్న జాతులలో చేరినది. 2000 సంవత్సరమున గయానా దేశపు దక్షిణభాగమున దాని గుంపొకటి కనబడుట శాస్త్రజ్ఞులకు ఊరట కలిగించినది. పంజరములలో పెంచిన సిస్కిన్లను తిరిగి విడువవలెనన్నచో, వానిలో ఇతర జాతుల పుట్టుక కలిసెనో లేదో ముందు పరీక్షింపవలసియున్నది. ఎరుపు కానరీలు మాత్రము లోకమంతట ప్రదర్శనశాలలలో బహుమతులందుకొనుచున్నవి. అరువిచ్చినవాడు దివాలా తీయగా, పుచ్చుకొన్నవాడు మేడ కట్టినట్లున్నది. ఈ నష్టమునకు డుంకరు ఒక్కడే కారకుడు కాడు. అతనికి ముందును తరువాతను వర్తకులు వేటాడిరి. కాని కోరిక పుట్టినచో వల సిద్ధమగునన్నది ఎరుగనివారు లేరు.

ఇంటిలో పక్షులను పెంచు సామాన్యునికి ఈ విచారణ వేరొక రూపమున ఎదురగును. అతడు కావలెనని సంకరము చేయడు. పెద్ద పంజరమున పలుజాతుల పిట్టలను వేయును. ఒకదానికి జత చచ్చిపోవును. ఒంటరిది తోడు వెదకి, ఎదురుగానున్న వేరుజాతి దానిని చేరును. అది ప్రేమించినదని ఇంటివారు మురిసిపోవుదురు. తన జాతిది ఒక్కటియు లేని చోట చేరినదానిని ఎంచుకొన్నదనుట చెల్లదు. జైలుగదిలో ఇద్దరు పలకరించుకొన్నచో దానిని స్నేహమని చెప్పి తలుపు మూసియుంచుట వంటిదే ఇది. యజమాని చేయదగిన పని సులువైనది: తన జాతి తోడును తెచ్చి యిచ్చుట, లేదా వేరుజాతులను వేరు పంజరములలో నుంచుట. గుడ్లు పడినచో వానిని తీసి, అదే పరిమాణపు ఉత్తుత్తి గుడ్లు ఉంచుదురు. తల్లి కొన్నాళ్లు పొదిగి తానే విడిచిపెట్టును. గుడ్లు ఒక్కసారి మాయము చేసినచో అది మరల మరల గుడ్లు పెట్టి నీరసించును. రామచిలుకలను గూర్చియైనచో ఈ చర్చకే తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దేశీయమైన చిలుకలను పంజరమున నుంచుటయే నేరము.

పిల్లలు పుట్టియే పోయినచో నేమి? అవి తప్పు చేయలేదు. వానిని చంపుటకుగాని, బయట వదలివేయుటకుగాని ఎవ్వరికిని హక్కు లేదు. బయట వదలిన పరదేశపు పిట్ట కాకులకు ఆహారమగును. కాయకముగా పక్షులను పెంచి అమ్మువాడు కొనవచ్చినవానికి ఇది సంకరమనియు, దీనికి సంతానము కలుగకపోవచ్చుననియు ముందుగనే చెప్పవలెను. అరుదైన రంగని హెచ్చు వెల చెప్పి సంగతి దాచినచో, కొన్నవాడు జతకై మరియొకదానిని తెచ్చి, గూడు పెట్టి, ఖాళీ గుడ్లకై ఏండ్ల తరబడి ఎదురుచూచును. చెప్పి అమ్మినచో వెల తగ్గవచ్చును. ఒక్కొక్కప్పుడు కొనువాడే దొరకకపోవచ్చును. అప్పుడా పిట్ట పుట్టించినవాని ఇంటనే, అది బ్రతికినన్ని నాళ్లు, మేత తినుచుండును.