లడ్డూ కూడా దాటని గడప

 

తిరుమల అనగానే మీకేం గుర్తొస్తుంది? స్వామి తర్వాత లడ్డూనే కదా! కొండకి వెళ్తున్నామని ఆఫీసులో చెబితే "దణ్ణం పెట్టుకో" అనేవాళ్ల కంటే "లడ్డూ తీసుకురా" అనేవాళ్లే ఎక్కువ. అందులో తప్పేం లేదు. నేనూ అదే బాపతు.

కానీ పాత శాసనాలు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. విజయనగర రాజుల కాలంలో కొండ మీద స్వామికి నివేదించిన పిండివంటల్లో అప్పం, వడ, సుఖియం, మనోహరం, అతిరసం కనిపిస్తాయి. అతిరసం అంటే ఏదో అనుకునేరు, మన సంక్రాంతి అరిసెకి దగ్గర చుట్టమే. ఇప్పుడు మనం తినే బూందీ లడ్డూ ఆ వరసలో బాగా ఆలస్యంగా వచ్చి, అందరినీ వెనక్కి నెట్టేసింది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఆ పేరుతో ఇంకెవరూ అమ్మడానికి లేదు.

లడ్డూకి పెద్ద లెక్కే ఉంది. కొండ మీద వంటశాలని పోటు అంటారు. ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే పట్టిక పేరు దిట్టం. 5,100 లడ్లకి 803 కిలోల సరుకులు అని ఒక దిట్టం. అందులో 400 కిలోలు చక్కెర, 180 కిలోలు శనగపిండి, 165 కిలోలు నెయ్యి, మిగతాది జీడిపప్పు, కిస్మిస్, కలకండ, ఏలకులు. పోటులో వంటని వకుళమాత ఇప్పటికీ కనిపెట్టుకుని ఉంటుందని నమ్మకం. కొడుక్కి వండే పని ఏ తల్లి వదులుకుంటుంది చెప్పండి?

ఇక్కడ ఆ చక్కెర లెక్కే మా ఇంట్లో గొడవ తెచ్చింది. మా నాన్నకి షుగర్. క్రితంసారి దర్శనం అయ్యాక, నేను చూడకుండా లడ్డూ మొత్తం తినేశారు. రెండు రోజులు పడకే. నేను గట్టిగా అరిచాను. ఆయన చిన్నపిల్లాడిలా తల దించుకుని, "ప్రసాదం వద్దంటే స్వామిని వద్దన్నట్టే కదరా" అన్నారు. నా నోట మాట రాలేదు. ఇన్ని ప్రవచనాలు చెప్పే నాకు ఆ పూట జవాబు దొరకలేదు.

జవాబు గర్భాలయం గడప దగ్గర ఉంది. దాన్ని కులశేఖర పడి అంటారు. నీ వాకిట మెట్టుగా పడి ఉన్నా చాలు స్వామీ అని కోరుకున్న కులశేఖర ఆళ్వారు పేరు మీద వచ్చింది. సంప్రదాయం ప్రకారం ఆ గడప దాటి స్వామి దగ్గరికి వెళ్లే నైవేద్యం ఒక్కటే: పగిలిన కొత్త మట్టికుండలో పెట్టిన పెరుగన్నం. దాన్ని ఓడు అంటారు. మన లడ్డూ, వడ, పులిహోర అన్నీ గడప ఇవతలే ఆగిపోతాయి!

దీని వెనక ఒక కుమ్మరి కథ చెప్తారు. పేరు భీముడు, కురువనంబి అని కూడా అంటారు. గుడికి వెళ్లే తీరిక లేదు. పొద్దంతా సారె తిప్పడమే. ఇంట్లోనే స్వామి బొమ్మ పెట్టుకుని, చేతికంటిన మట్టితోనే పువ్వులు చేసి పెట్టేవాడట. అక్కడ తొండమాన్ చక్రవర్తి బంగారు పువ్వులతో పూజ చేస్తుంటే, స్వామి పాదాల దగ్గర రోజూ మట్టి పువ్వులు కనిపించేవి. ఇవెక్కడివని అడిగితే స్వామి కుమ్మరి ఇంటి దారి చూపించాడు. ఆ భక్తుడి గుర్తుగానే ఇప్పటికీ ఆ ఓడు అని పెద్దల మాట.

ఈ కథ నాన్నకి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే పెరుగన్నం తింటే డాక్టరు ఏమీ అనడు కదా?" అన్నారు. కొంచెం అన్నం, ఎక్కువ పెరుగు అని చెప్పాను.

ఇప్పుడు శనివారం పూట అమ్మ పెరుగన్నం కలిపి స్వామి పటం ముందు పెడుతుంది. ఎవరైనా కొండ నుంచి లడ్డూ తెస్తే నాన్న కళ్లకద్దుకుని, ఆవగింజంత నోట్లో వేసుకుని, మిగతాది పక్కింటి పిల్లల చేతిలో పెడతారు. పోయినవారం మాత్రం ఆ ఆవగింజ కాస్త శనగగింజంత అయిందని అమ్మ ఫిర్యాదు చేసింది.