నిగ్రహమునకు మేర

విశాఖపట్టణపు ఉప్పుగాలికి అలవాటుపడిన గిటారు నొకదానిని కిరండూలు రైలులో అరకులోయకు గొనిపోయి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న ఆ చోట ఒక వానకాలమును, ఒక చలికాలమును గడపనిచ్చినచో, దాని మెడ కొంచెమైనను వంపు మార్చుకొనక మానదు. ఏలయన, నఱికి చిత్రికపట్టి మెఱుగుపూసినను కొయ్య గాలిలోని తేమను పీల్చుటయు విడుచుటయు మానలేదు. తేమగాలికి సడలిన డప్పుతోలును థింసా నాట్యమునకు ముందు మంటకు కాచి బిగువు తెచ్చుకొను ఆ కొండవారికి ఈ సంగతి క్రొత్త గాదు.

ఉక్కుతీగలు ఆఱును శ్రుతిలో నున్నప్పుడు వాని లాగుడు రమారమి 70 కిలోల బరువునకు సమానము. దాని కెదురు నిలుచుటకై మెడలోపల, కంటికి కానరాకుండ, ట్రస్ రాడ్ అను ఉక్కుకడ్డీ యుండును. గిబ్సన్ కంపెనీ పనివాడైన థాడియస్ మెక్‌హ్యూ సర్దుబాటునకు వీలైన ఇట్టి కడ్డీకి 1923లో పేటెంటు పొందెను. నాదము తీగలది, కడ్డీకి మ్రోతయే లేదు. అయినను నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన విషయము వేఱొకటి: తీగలన్నియు విప్పివేసి కడ్డీని మాత్రము బిగువుగనే యుంచినచో, మెడను నిలబెట్టిన ఆ బలమే దానిని వెనుకకు వంచును.

నిగ్రహము తనంత తానే సుగుణమా, లేక రాగమున కెదురు నిలిచినంతమేరకే సుగుణమగునా యను ప్రశ్నకు నాకు తోచు సమాధాన మిందే యున్నది. లోపలి లాగుడును మించి దేహమును బిగించు తపస్సు సాధకుని నిలబెట్టదు, వంకర చేయును. భగవద్గీత 17వ అధ్యాయమున శరీరమును కృశింపజేయు ఘోరతపస్సును ఆసుర మని నిందించుట ఇందులకే యని నా నమ్మకము.

కావున కొలత ముందు, బిగింపు తరువాత. గిటారును శ్రుతిచేసి, ఒక తీగను మొదటి మెట్టుకడను, మెడ బుఱ్ఱతో కలియు మెట్టుకడను అదిమిపట్టి, నడుమ ఏడవ మెట్టుపై గల సందును చూడవలెను. పావు మిల్లీమీటరు ప్రాంతమున నున్నచో కడ్డీని ముట్టనక్కఱలేదు. సందు మిక్కుటమైనచో తీగలను కొంత సడలించి, సరిపోవు ఎలెన్ కీని కడ్డీ మరలో పూర్తిగ దిగవిడిచి, కుడివైపునకు పావుచుట్టుకు మించకుండ త్రిప్పి, మరల శ్రుతిచేసి, కొయ్యకు ఒక రాత్రి వ్యవధి నీయవలెను. సందే లేనిచో ఎడమకు త్రిప్పవలెను. ఆ ఒక్క రాత్రి ఆగలేనివారే ఎక్కువ చెఱుపు చేయుదురు. కొయ్య మన ఆజ్ఞను వెంటనే వినదు, మనస్సును అంతే. మర మొరాయించినపుడు బలము చేసినచో కడ్డీ తెగవచ్చును. దానిని మార్చుటకు తఱచుగ మెట్లపలకనే ఊడదీయవలసి వచ్చును. అట్టిచో ఎఱిగిన పనివానికి చూపుటయే మేలు.

తీవ్రదీక్షతో నడచి నడచి పాదములు నెత్తురోడగా, సోణుడను భిక్షువు ఇంటికి మరలిపోదునా యని తలపోయుచుండ, బుద్ధుడు వచ్చి, అతడు గృహస్థుగ నున్నప్పుడు వాయించిన వీణను గూర్చి యడిగిన కథ వినయపిటకమున నున్నది. తీగ మితిమీఱి బిగిసినను, వదులైనను పలుకదన్న మాటనే ఆ కథనుండి తఱచుగ గ్రహింతురు. నాకు అంతకంటె విలువైనది మఱొకటి: ఎంత సడలవలెనో బుద్ధుడు కొలిచి చెప్పలేదు, వీణ నెఱిగిన చెవి సోణునిదే గనుక, ఆ నిర్ణయమును అతనికే విడిచెను.