ప్రోటాన్ చికిత్స: అనుమాన ప్రమాణం ఎంతవరకు?

ఒక చికిత్స మేలైనదని భౌతికశాస్త్రం లెక్కకట్టి చెబుతున్నప్పుడు, దాన్ని కొందరు రోగులకు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చీటీ వేసి పోల్చి చూడడం న్యాయమేనా? క్యాన్సర్‌కు విద్యుదావేశ కణాలతో చేసే రేడియేషన్ చికిత్సలో ఎంతోకాలంగా నలుగుతున్న నైతిక ప్రశ్న ఇది.

ఎక్స్-కిరణాలు చర్మానికి కాస్త లోపలే గరిష్ఠ మోతాదును వదిలి, క్రమంగా బలహీనపడుతూ, కణితిని దాటి అవతలి వైపు నుంచి బయటికి పోతాయి. విద్యుదావేశ కణమైన ప్రోటాన్ మాత్రం దారి పొడవునా కొద్దిగా శక్తిని వదులుతూ, వేగం తగ్గేకొద్దీ ఎక్కువగా వదిలి, చివర మిగిలినదంతా ఒక్కచోటే దింపి ఆగిపోతుంది. ఆ చివరి శిఖరాన్నే బ్రాగ్ శిఖరం అంటారు. శక్తిని మారిస్తే ఆగే లోతు మారుతుంది: 150 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో దాదాపు 16 సెంటీమీటర్లు వెళ్తుంది. ఈ గుణాన్ని వైద్యానికి వాడవచ్చని 1946లో రాబర్ట్ విల్సన్ ప్రతిపాదించాడు. 1954లో బర్క్‌లీలో రోగులకు చికిత్స మొదలైంది.

దీన్నిబట్టి సాగే వాదం సూటిగానే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న అవయవాలకు మోతాదు తగ్గితే హాని తగ్గుతుంది. ప్రోటాన్‌తో ఆ మోతాదు తగ్గుతుంది. కాబట్టి హానీ తగ్గుతుంది. అయితే అనుమానం, అంటే ఒకదాన్నిబట్టి మరొకదాన్ని ఊహించి తేల్చడం, ప్రమాణం కావాలంటే వ్యాప్తి, అంటే ఆ రెంటి మధ్య ఉండే విడదీయరాని సంబంధం, ఎక్కడా తప్పకూడదని భారతీయ తర్కమైన న్యాయశాస్త్రం చెబుతుంది. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనడం చెల్లదు. కట్టె తడిగా ఉంటేనే పొగ వస్తుంది. అలా దాగి ఉన్న షరతే ఉపాధి. ప్రోటాన్ వాదంలోనూ ఇలాంటి ఉపాధులున్నాయి. కణం ఆగే లోతు లెక్కలో రెండు మూడు శాతం తేడా రావచ్చు. ఊపిరితిత్తుల్లో కణితి శ్వాసతో కదులుతుంది. జీవకణాలపై ప్రోటాన్ ప్రభావం ఎక్స్-కిరణాలకు 1.1 రెట్లని ప్రణాళికల్లో అంతటా ఒకేలా లెక్కిస్తారు; నిజానికి దారి చివర అది ఇంకా పెరుగుతుంది. పైగా, తప్పించిన మోతాదు అసలు హాని చేసేంతది కాకపోవచ్చు.

ఈ ఉపాధుల వల్ల ఏ చికిత్స మేలైనదన్న సందేహం మిగులుతుంది. ఆ సందేహం నిజమైనదైతేనే చీటీ వేయడం న్యాయం. ఆ సందేహం ఒక్క వైద్యుడిది కాదు, నిపుణుల సమాజానిదై ఉండాలని 1987లో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ వాదించాడు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో అలాంటి సందేహమే ఉండేది. దాన్ని తేల్చడానికి అమెరికాలో చీటీ పద్ధతిలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. చికిత్స తర్వాత రెండేళ్లకు పేగుల పనితీరులో ప్రోటాన్‌కూ ఆధునిక ఎక్స్-కిరణాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరీక్షించకుండా అందరికీ ప్రోటాన్ ఇచ్చినా దోషమే. ఈ చికిత్స ఖరీదైనది, కేంద్రాలు కొన్నే. అక్కరలేనివారికి కేటాయించిన యంత్ర సమయం అవసరమైనవారికి అందదు.

పిల్లల మెదడు కణితుల విషయం వేరు. మెదడుకూ వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే, ఎక్స్-కిరణాలు ముందున్న గుండెనూ పేగులనూ తాకుతూ పోతాయి. ప్రోటాన్ అంత దూరం పోదు. ఎదిగే శరీరానికి రేడియేషన్ చేసే హాని ముందే తెలిసినదే. అక్కడ ఉపాధులు వ్యాప్తిని భంగపరచేంత బలమైనవి కావు, కాబట్టి చీటీ వేయడాన్ని సమర్థించడం కష్టం. అంటే భౌతికశాస్త్రపు లెక్క ఒక్కటే ఈ ప్రశ్నను తేల్చలేదు. ఆ లెక్కకూ రోగి పొందే మేలుకూ నడుమ ఎన్ని షరతులు మిగిలి ఉన్నాయో ఒక్కో వ్యాధికి విడిగా చూసి నిర్ణయించాలి.