ఛాయాచిత్రము – పరస్వము

అంతర్జాలమున కనబడిన ఛాయాచిత్రమును తన పుటలో పెట్టుకొనువాడు దానిని దొంగతనమని తలపడు. చిత్రము అక్కడనే యున్నది గదా, ఎవరికేమి పోయినదని అతని వాదము. పోయినది తీసినవాని పేరు. వేకువ వెలుగుకై కెమెరాతో కాచుకొని యుండుటయు కాయకమే. 1957 నాటి భారత కాపీరైటు చట్టము ఛాయాచిత్రమునకు తీసినవానినే కర్తగా గుర్తించినది. 2012 సవరణ పిమ్మట ఆ రక్షణ కర్త జీవితకాలమును దాటి మరి 60 సంవత్సరములు నిలుచుచున్నది. 2001లో నెలకొన్న క్రియేటివ్ కామన్స్ పద్ధతిలో కర్తయే ముందుగా అనుమతి నొసగును. అచ్చటను పేరు చెప్పవలెనన్న నియమము దాదాపు అన్ని లైసెన్సులకును కలదు.

ఇంతకంటె చిక్కైనది చిత్రములోని మనిషి మాట. ఇష్టలింగమును అరచేత నుంచుకొని దానినే చూచుచున్న వృద్ధురాలిని ఒకడు తీసి లోకమునకు పంచును. కాపీరైటు అతనిదే కావచ్చును, ముఖము ఆమెది. పంచుట దాసోహమే యందురేమో, కాని దాసోహమున వడ్డించునది తన కాయకఫలము. ఆమెను అడిగినచో కాదనకపోవచ్చును. కాదన్నను ఆశ్చర్యము లేదు.